ఒకచోట మార్చిన నియమము

పదిమంది కూడి ఆడు ఆటకు నియమములే ప్రాణము. చెడుగుడు ఆడబోవు పిల్లలు నేలమీద గీత గీచి, కూత విడిచినవాని గతి యేమగునో, పట్టుబడినవాడు ఎచ్చట కూర్చుండవలెనో ముందుగనే చెప్పుకొందురు. ఆ గీత నేలపై ఒక్కటియే యైనను దాని యర్థము పదిమంది మనస్సులలో పది తావుల నుండును. ఒక్కని మనస్సులో నియమము మారినచో జగడము పుట్టును. అందరి మనస్సులలోను మారినచో క్రొత్త ఆట పుట్టును. మన తాతల నాటినుండి ఆటలన్నియు ఈ రెండు విధములుగనే మారుచు వచ్చినవి.

ఇప్పుడు మన బిడ్డలు ఆడు కంప్యూటరు ఆటలలో మూడవ విధ మొకటి ఏర్పడియున్నది. ఆడువారిలో ఎవ్వరి మనస్సును మారదు. ఎవ్వరి చేతనున్న యంత్రమును మారదు. ఎవ్వరును దేనిని క్రొత్తగా తెచ్చుకొనరు. అయినను ఆట మారిపోవును. ఆట జరుగు చోటును తన వశమందుంచుకొన్నవాడు అచ్చట ఒక మార్పు చేయును. మరునాడు వచ్చినవారందరును ఆ మార్పునకు లోబడి ఆడుదురు. ఇది ధర్మమా? ధర్మమైనచో ఎంతవరకు ధర్మము? ఈ ప్రశ్నను విచారించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. బాలక్రీడలకు ఇంత విచారమేల యని కొందరు అనవచ్చును. మన బిడ్డలు దినమునకు గంటయో రెండు గంటలో ఏ రాజ్యమున నివసించుచున్నారో, అచ్చటి శాసనములను ఎవరు చేయుచున్నారో తెలిసికొనుట గృహస్థులకు అప్రస్తుతము కాజాలదు. అదియుగాక, ఆటలో తేటగా కనబడు ఈ చిక్కు లోకమునందును గలదు. అచ్చట అది పెక్కు విషయములతో కలిసిపోయి యుండుటచే మన కంటబడదు.

విషయము నెరుగనివారికొరకు ముందు కొంత చెప్పవలెను. ఒక ఆటను నిర్మించినవారు గాక ఇతరులు దానికి చేర్చు మార్పును మాడ్ అందురు. ఈ మార్పులు అల్పములని తలపరాదు. ఒకప్పుడు మన పట్టణములలోని ఇంటర్నెట్టు కేంద్రములలో యువకులు వేళ మరచి ఆడిన కౌంటర్ స్ట్రైక్ అను ఆట, 1999లో హాఫ్ లైఫ్ అను వేరొక ఆటకు ఇద్దరు యువకులు చేసిన మాడ్‌గనే పుట్టినది. మరుసటి యేడు అది స్వతంత్రమైన ఆటగా వెలువడినది. పలువురు తమ తమ యిండ్లనుండి కూడి ఆడునప్పుడు వారి యంత్రముల నన్నింటిని కలుపు నడిమి యంత్రమును సర్వరు అందురు.

కూడి ఆడు ఆటలను నిర్మించుటలో ముఖ్యముగా రెండు పద్ధతులు గలవు. మొదటి పద్ధతిలో ప్రతి ఆటగాని యంత్రమును ఆటలోకము నంతయు తానే లెక్కించుకొనును. 1997లో వెలువడిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, 2020లో పూర్ణరూపమున వెలువడిన ఫ్యాక్టోరియో ఇట్టివి. యంత్రములు ఒకదానికొకటి చెప్పుకొనునది "నేను ఈ ఆజ్ఞ యిచ్చితిని" అనునంత మాత్రమే. దాని ఫలమును ఎవరికి వారే గణించుకొందురు. గణించు సూత్రము అందరియొద్దను ఒక్కటిగా నున్నంతకాలము అందరికిని ఒకే లోకము కనబడును. సూత్రము ఏ కొంచెము భేదించినను, కొంతసేపటికి ఒకని లోకమున నిలిచియున్న కోట వేరొకని లోకమున కూలియుండును. మన పంచాంగములలో ఇట్టిదే కలదు. పూర్వపద్ధతిని గణించువారికిని దృగ్గణితము ననుసరించువారికిని తిథి ఘడియలలో భేదము వచ్చి, ఒక్కొక్క యేడు ఒకే వీథిలోని రెండిండ్లలో పండుగ రెండు దినములు జరుగును. కావున ఫ్యాక్టోరియో వంటి ఆటలో మాడ్ చేర్పదలచినచో ఆడువారందరును దానిని తమ తమ యంత్రములలో చేర్చుకొనియే తీరవలెను. అచ్చట అందరి యంగీకారము నీతిచేత గాక గణితముచేతనే విధింపబడినది.

రెండవ పద్ధతి మైన్‌క్రాఫ్ట్ వంటి ఆటలది. స్వీడను దేశమున పుట్టి 2009లో తొలుత వెలుగు చూచి, 2023 నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన ఆట యిది. ఇందు లోకము సర్వరునందే యుండును. ఆటగాని యంత్రము కన్నును చేయియు మాత్రమే. బాలుడు రాతిని కొట్టినచో అతని యంత్రము ఆ సంగతిని విన్నవించును. రాయి పగిలినదో లేదో నిర్ణయించునది సర్వరు. మన చిత్తూరు సీమ రైతులకు ఇది తెలియని యేర్పాటు కాదు. ఎవని బావి వానిది. ఎప్పుడు తోడుకొనవలెనో, ఏ మడికి పారించుకొనవలెనో వాని యిష్టము. చెరువు అట్లు కాదు. తూము ఎంత ఎత్తవలెనో, ఏ మడికి ముందు నీరు పారవలెనో కట్టమీద నిర్ణయమగును. నీరుగంటి ఆ నిర్ణయమును నడపును. ఆ నిర్ణయము మారినచో ఆయకట్టులోని ప్రతి మడియు మారును. రైతు తన కాలువలో ఒక్క పార మన్నైనను కదల్పనక్కరలేదు. సర్వరునందు మాత్రమే చేర్చు మాడ్ ఇట్టి తూమువంటిది.

డోంట్ స్టార్వ్ టుగెదర్ అను ఆటలో మాడ్ రచించువాడు తన మాడ్ ఏ జాతిదో ముందుగనే వ్రాసియుంచును: ఆడువాని యంత్రమునకు మాత్రమే చెందినదా, అందరును తెచ్చుకొనవలసినదా, లేక సర్వరున నుండిన చాలునా యని. మొదటిజాతి ఎవరి సంగతి వారిది. రెండవజాతిలో అంగీకారము తప్పదు. ఎవ్వరిని అడుగనక్కరలేకయే అందరిపై నడచు మూడవజాతిని గూర్చియే మన విచారము.

దీనివలన కలుగు మేలును మొదట చెప్పుట న్యాయము. అందరును తెచ్చుకొనవలసిన మాడ్, మంచి యంత్రము గలవారికి సుకరము. తండ్రి చేతి ఫోనులో ఆడుకొను బాలునికి దుర్లభము. సర్వరున నుండు గైజర్ అను పరికరము, కంప్యూటరులోని మైన్‌క్రాఫ్ట్ పలుకులను ఫోనులోని మైన్‌క్రాఫ్ట్ పలుకులలోనికి తర్జుమా చేయుచు, ఫోను పట్టుకొన్న పిల్లవానిని కంప్యూటరు గల పిల్లల సరసన కూర్చుండబెట్టును. లిథియం అను మాడ్ ఆట నియమములలో దేనిని మార్పక, సర్వరు చేయు లెక్కలను మాత్రము వేగపరచును. కోర్‌ప్రొటెక్ట్ అను మరియొకటి ఎవడు ఏ దిమ్మెను ఎప్పుడు తీసెనో వ్రాసియుంచి, ఒకని యిల్లు కూల్చినవానిని పట్టియిచ్చి, కూలినదానిని మరల నిలుపును. ఇట్టి మేళ్లకై ప్రతివాని ఒప్పుకోలును ప్రతివాని యంత్రమును కనిపెట్టుకొని కూర్చున్నచో అవి యెన్నటికిని జరుగవు. జరిగినను, చేర్చుకొనలేని నిరుపేద బాలుడు వాకిట నిలిచిపోవును. కాబట్టి అంగీకారము లేనిదే ఏ మార్పును చేయరాదను వారి వాదము వినుటకు మధురమైనను, ఆచరణమున అది బలవంతులకే తోడ్పడును.

ఇక రెండవ వైపు చూతము. గడచిన వేసవి సెలవులలో మా పాఠశాల పిల్లలు కొందరు ఇట్టి సర్వరు నొకదానిని నడపుకొనిరి. అది వారిలో ఒక బాలుని యింటి కంప్యూటరున నుండెను. ఆటలో చచ్చినవాని సామగ్రి చెల్లాచెదరై కొంతసేపటికి మాయమగుట పరిపాటి. అట్లు గాక సమాధిలో భద్రముగా నుండునట్లు ఆ బాలుడు మొదట ఒక మాడ్ చేర్చెను. అందరును సంతోషించిరి. పిదప భూమిని కాపాడు మాడ్ నొకదానిని చేర్చెను. ఒకడు తనదిగా గుర్తుపెట్టుకొన్న నేలలో ఇతరుడు త్రవ్వరాదు, కట్టరాదు. ఎంతసేపు ఆడిన అంత నేలకు హక్కు పెరుగును. ఈ జాతి మాడ్‌లలో ప్రసిద్ధమైన గ్రీఫ్‌ప్రివెన్షన్ యొక్క యేర్పాటును ఇదియే. దినమునకు అయిదారు గంటలు ఆడగలవారు పదిదినములలో నది యొడ్డును, గనులమీది నేలను గుర్తుపెట్టుకొనిరి. తండ్రి పని ముగించుకొని వచ్చిన తరువాత ఆయన ఫోనులో ఒక గంట ఆడుకొను బాలునికి తన గుడిసె చుట్టును నాలుగడుగుల నేల తప్ప మిగులలేదు. వాడు పోయి అడుగగా, సర్వరుగల బాలుడు ఇచ్చిన జవాబును పిల్లలే నాకు చెప్పిరి: "నిన్నేమన్నా వేసుకోమన్నానా? నీ ఫోనులో నేనేమన్నా ముట్టినానా? నీకు పోయిందేముంది?"

పిల్లవాని నోట వచ్చిన మాటయే యైనను ఇందు ఒక సిద్ధాంత మిమిడియున్నది. నీ యంత్రమును నేను ముట్టలేదు గనుక నీ స్వాతంత్ర్యమునకు భంగము లేదని దాని మొదటి భాగము. సర్వరు నాది గనుక నియమము నాది, ఇష్టము లేనివాడు పోవచ్చునని దాని రెండవ భాగము. పెద్దలలోను ఈ సిద్ధాంతమును నమ్మువారు పెక్కురు గలరు. అందుచే రెంటిని వేరువేరుగా పరీక్షింపవలెను.

మొదటి భాగము నిలువదు. తూము మూసినవాడు రైతు మడిలో అడుగు పెట్టలేదు. అయినను పైరు ఎండును. ముట్టకుండుట వేరు, కీడు చేయకుండుట వేరు. ఫోను బాలుని కన్నును చేయియు మాత్రమే వాని ఫోనులో నున్నవి. వాడు కట్టిన గుడిసె, నాటిన చెట్లు, గడపిన గంటలు సర్వరునందున్నవి. వాని కష్టఫలమంతయు ఉన్నచోట చేయి పెట్టి, ఏమియు లేని చోట చేయి పెట్టలేదని చెప్పుకొనుట వాదము కాదు. ఎవనికిని ఏమియు తెచ్చుకొను శ్రమ లేకపోవుట మార్పు చేయువానికి సుకరమే గాని నిర్దోషత్వము కాదు. మీదుమిక్కిలి, తెచ్చుకొనవలసి యుండినచో ఆ తెచ్చుకొను క్షణముననైనను బాలుడు ఆగి, ఇదేమియని అడిగియుండును. ఆ క్షణము కూడ ఇచ్చట లేదు. కావున శ్రమ తగ్గినకొలది మార్పు చేయువాని బాధ్యత పెరుగును.

రెండవ భాగములో కొంత సత్యము గలదు. సర్వరు గలవాడు కరెంటు ఖర్చును యంత్రపు ఖర్చును భరించుచున్నాడు. వానికి అధికారము లేదనుట కృతఘ్నత. కాని వాని సర్వరు ఇల్లు కాదు, సత్రము. ఇల్లు తనకై కట్టుకొనునది. సత్రము పరులను పిలుచుటకై కట్టునది. సత్రములకు పేరువడిన తిరుపతిలో ఈ భేదమును వివరింప నక్కరలేదు. తలుపు మూయు వేళను నిర్ణయించు హక్కు సత్రము కట్టినవానికి గలదు. లోపల నిదురించువారి మూటలను గూర్చి రాత్రికి రాత్రి క్రొత్త నియమము చేయు హక్కు లేదు. ఇక "ఇష్టము లేనివాడు పోవచ్చును" అనుమాట మొదటినాడు వచ్చినవానికి చెప్పినచో న్యాయమే. నెల దినములు శ్రమించి కట్టుకొన్నవానికి చెప్పినచో అది "నీ మూట విడిచి పో" అనుటయే యగును.

మహాభారతమున సభాపర్వపు జూదమును తలచికొనుడు. పణము లొడ్డువాడు తానేయనియు, పాచికలు వేయువాడు మాత్రము తన మేనమామ శకుని యనియు దుర్యోధనుడు ప్రకటించెను. ఒకనికొరకు వేరొకడు ఆడుట సరికాదని ధర్మరాజు గుర్తించి పలికెను; పలికియు ఆడెను. పిలిచినప్పుడు వెనుదీయరాదను వ్రతము అతనిని ఆ సభలో కట్టివేసినది. నియమము చాటున మారలేదు, పెద్దలందరి యెదుట మారినది. కాని అది సభ గలవాని యింట, సభ గలవాని యిష్టమున, సభ గలవాని లాభమునకై మారినది. ఎదిరికి లేచిపోవు త్రోవ లేదు. అంగీకారమని పేరు పెట్టుటకు కావలసిన తంతు అంతయు అచ్చట జరిగినది. అంగీకారము మాత్రము జరుగలేదు.

కావున అందరి అంగీకారమునకై కాచుకొనుట ఆచరణసాధ్యము గాదు; అంగీకారముతో పనియే లేదనుట ధర్మము గాదు. ఈ రెంటి నడుమ నిలువదగిన చోటు ఎయ్యది? నాకు మూడు కట్టుబాట్లు తోచుచున్నవి.

మొదటిది చాటింపు. తిరుపతిలో ఏటేట మే నెలలో జరుగు తాతయ్యగుంట గంగమ్మ జాతర చాటింపుతో ఆరంభమగును. చాటింపు పడిన పిదప జాతర ముగియువరకు ఊరివారు పొలిమేర దాటి పోరాదని ఆచారము. దానిని నమ్మువారు కలరు, నమ్మనివారు కలరు. ఆ ఆచారపు యుక్తాయుక్తములు ఇచ్చట మనకు ప్రస్తుతములు కావు. నియమమును ఊరిపై పెట్టు విధమును మాత్రము గమనింపుడు. ఇంటింటికి పోయి ప్రమాణము చేయించుకొనరు. అట్లని రహస్యముగను పెట్టరు. నియమము అమలునకు రాకమునుపే దాని మాట వీథులలో వినబడును. దాటిపోవలసినవాడు ముందే దాటిపోవును. సర్వరున మార్పు చేయువాడును ఆటలోకపు ప్రవేశమున ఒక పలక నిలిపి, ఏది యెప్పటినుండి మారునో వ్రాయవలెను. నేలకు హద్దులు వచ్చునని వారము ముందు తెలిసియుండినచో ఫోను బాలుడు కూడ నది యొడ్డున నాలుగు మూరలు గుర్తుపెట్టుకొని యుండును. తాను తీసిన ప్రతి దిమ్మెయు వ్రాయబడుచున్నదని తెలిసి ఆడుట వేరు, తెలియక ఆడుట వేరు. మొదటిదానిలో కాపలా కలదు, రెండవదానిలో గూఢచర్యము కలదు. పరికరము రెంటికిని ఒక్కటే.

రెండవది సమత్వము. 2014లో మైన్‌క్రాఫ్ట్ నిర్మాతలగు మొజాంగ్ సంస్థవారు సర్వరులు నడపువారికి ఒక కట్టడి చేసిరి. ఆటలో బలము నిచ్చు వస్తువులను ధనము పుచ్చుకొని కొందరికి అమ్మరాదనియు, చూపునకు మాత్రమే పనికివచ్చు అలంకారములను అమ్ముకొనవచ్చు ననియు చెప్పి, ఆ యేడు ఆగస్టు 1వ తేదీని గడువుగా పెట్టిరి. సర్వరు వేరొకనిదైనను అందు జరుగు ఆటకు న్యాయమొకటి గలదని దాని భావము. ఐతే సమత్వము మాటలలో నుండిన చాలదు. "ఎంతసేపు ఆడిన అంత నేల" అనునది మాటలో అందరికిని సమానమే. గంటలు ఎవరికి గలవు? సొంత కంప్యూటరు గలవానికి గలవు. తండ్రి రాకకై కాచుకొనువానికి లేవు. కాగితముమీద సమానమైన నియమము లోకమున ఎట్లు అసమానమగునో మన రైతులకు, కూలివారికి తెలిసినంత గ్రంథకర్తలకు తెలియదు. మార్పు చేయువాడు "ఈ నియమము నాకును వర్తించునా?" అని యొకటియు, "మనలో మిక్కిలి తక్కువ గలవానికి దీనివలన నేమగును?" అని యొకటియు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ పిల్లలు తరువాత తామే కూర్చుండి మాటలాడుకొని, గంటల లెక్కను తీసివేసి, తలకింత యని నేలను ఏర్పరచుకొనిరి. కాని ఫోను బాలుడు అప్పటికే ఆట మానుకొనెను. వాని గుడిసె ఆ లోకమున ఇంకను ఉన్నదట. తలుపు తెరచువారు లేరు.

మూడవది సత్యము. ఇది తక్కిన రెంటికంటె సూక్ష్మము. ఆటగాని కంటికి కనబడునదంతయు సర్వరు చెప్పిన మాటయే యని పైన చూచితిమి. రాతి లోపల దాగిన లోహములను కనుగొనుటకై కొందరు తమ యంత్రములలో దొంగచాటుగా ఒక మాడ్ చేర్చుకొందురు; రాళ్లు అద్దములవలె నై లోపలి లోహము కనబడును. ఈ మోసమును అణచుటకు పేపర్ అను సర్వరు పరికరములో రెండు మార్గములు గలవు. త్రవ్వకముచే బయటపడనంతవరకు లోహమును వట్టి రాయిగా చూపుట మొదటిది. రాతి లోపల అంతటను లేని లోహములను ఉన్నట్లు చూపి, దొంగకన్ను గలవానిని తికమక పెట్టుట రెండవది. న్యాయముగా ఆడువానికి ఈ రెంటిలో దేనివలనను బాధ లేదు. వానికి కనబడునది పైపొర మాత్రమే. అయినను రెంటికిని భేదము గలదు. పరీక్షకు ముందు ప్రశ్నపత్రమును దాచు ఉపాధ్యాయుడు మొదటి త్రోవవాడు. దొంగిలింపవచ్చు వారికై తప్పు ప్రశ్నపత్రమును బల్లమీద విడిచిపోవు ఉపాధ్యాయుడు రెండవ త్రోవవాడు. రెండవవానిని దోషియని నేననను. వాని యబద్ధము దొంగ చెవికి దప్ప వేరొక చెవికి చేరదు. కాని మొదటిది చాలినచోట రెండవదానికి పోరాదని నా మతము. ఏలయన, తమ కన్నులను తాము పరీక్షించుకొనలేని ప్రజలకు చూపును పంచిపెట్టు అధికారికి అబద్ధము అలవాటైనచో, ఆ యలవాటు దొంగలయొద్దనే ఆగునని చెప్పువారెవరు?

ఈ మూడు కట్టుబాట్లును పాటింపబడినవనుకొందము. అప్పటికిని సర్వరు చేయజాలని దొకటి మిగిలియుండును. అది నియమమును మార్పగలదు, కంటిని మార్పలేదు. క్రొత్త రూపములు ఆటగానికి కనబడవలెనన్నచో ఆ చిత్రములు వాని యంత్రమునకు రావలెను, మైన్‌క్రాఫ్ట్ వానిని "పుచ్చుకొందువా?" అని అడుగును. 2021 నుండి వానిని పుచ్చుకొనుట విధిగా చేయు వీలు సర్వరు గలవానికి వచ్చినది. అప్పుడును కాదన్నవాడు బయటికి పోవును గాని, వాని కాదనుటను దాటి చిత్రము లోపలికి పోజాలదు. పాలిమర్ అను మాడ్ సాధనము ఈ చిక్కునకు ఒక చమత్కారమైన దారి చూపినది. సర్వరునందు ఒక క్రొత్త వస్తువు పుట్టును. ఏమియు చేర్చుకొనని ఆటగానికి దాని బదులు ఆటలో ముందునుండి యున్న పాత వస్తువొకటి చూపబడును. సర్వరు లెక్కలో అది క్రొత్త వస్తువు, క్రొత్త గుణములు గలది. చూచువాని కంటికి అది పాత వస్తువే.

సంఘసంస్కారమును గూర్చి ఆలోచించువారికి ఈ మాట ఎచ్చటనో విన్నట్లు తోచకమానదు. 1947లో, చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రములో నున్న కాలమున, ఆలయ ప్రవేశ చట్టము వచ్చి, అంటరానివారని వెలుపల నిలుపబడిన వారికి దేవాలయ ద్వారములను తెరచెను. ప్రతి భక్తుని హృదయమును మారువరకు ఆ చట్టము కాచుకొనలేదు. కాచుకొనియుండిన నేటికిని కాచుకొనియే యుండును. ద్వారము ఒకచోట నున్నది, దానిని ఒకచోట తెరువవచ్చును. ఇక వేరొక చట్టమును చూడుడు. 1856లో వితంతు పునర్వివాహము శాసనసమ్మతమైనది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తమ తొలి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11న. నడుమ పాతికేండ్లు గడచినవి. చట్టము మారియే యుండెను. కాని వివాహము ఒక ద్వారము కాదు. పురోహితుడు రావలెను, బంధువులు పంక్తిని కూర్చుండవలెను, ఇరుగుపొరుగువారు పలుకరింపవలెను. ఇందులో ఒక్కటియు శాసనము వ్రాయు బల్లయొద్ద జరుగునది కాదు. ప్రతి యింటను వేరువేరుగా చేరవలసిన మార్పు అది. వీరేశలింగముగారు చేసినపని, పత్రికలు వ్రాసి, ఉపన్యాసములిచ్చి, నిందలు మోసి, ఆ మార్పును ఇంటింటికి మోసికొనిపోవుటయే. చట్టము క్రొత్త పెండ్లికూతురుగా చూచినదానిని చూపు మారని పొరుగువాడు పాత వితంతువుగనే చూచుచుండెను.

కాబట్టి మార్పులు రెండు తెగలవి. ద్వారమునకు చెందినవి కొన్ని, దృష్టికి చెందినవి కొన్ని. ద్వారమునకు చెందినదానిని ప్రతివాని దృష్టియు మారువరకు ఆపుట పీడితులయెడ అన్యాయము. వారి నిరీక్షణ వెలను చెల్లించువారు వారే గాని మనము కాము. దృష్టికి చెందినదానిని ద్వారమునొద్ద మార్చి, పని ముగిసినదని యింటికి పోవుట ఆత్మవంచన. సంస్కర్తలలో కొందరు హృదయము మారనిదే చట్టము నిష్ఫలమందురు. కొందరు చట్టము చేసిన చాలునందురు. వీరిరువురును ఒకే తప్పును రెండు వైపుల నుండి చేయుచున్నారు: ఏది సర్వరున మారవలెనో, ఏది ప్రతివాని యంత్రమున మారవలెనో విడదీసి చూడకున్నారు.

ఇది గృహస్థులకును వర్తించును. ఇంటి పెద్ద ఒక దినమున ఒక నియమము చేయును. ఇంటిల్లిపాదియు దానిలో బ్రతుకుదురు. "కోడలిని ఏమియు అనలేదే, ఆమె పెట్టెను ముట్టలేదే" యని ఆయన యనుకొనవచ్చును. ఆమె దినమంతయు మారిపోయియుండును. భోజనపు వేళ మారినచో పొయ్యి వెలిగించు వేళ మారును. పొయ్యి వెలిగించునది ఆయన కాదు. ముందుగా చెప్పెనా, తనకును వర్తింపజేసికొనెనా, చెప్పిన కారణము నిజమైనదేనా యను మూడు ప్రశ్నలు ఆయనకును గలవు.

మన బిడ్డలను ఈ ఆటలు మానుకొమ్మని నేను చెప్పను. నీవు ఆడుచోట నియమములు చేయునది ఎవరు, అవి మారునప్పుడు నీకు ముందుగా తెలియునా, అవి చేసినవానికిని అంటునా యని తల్లిదండ్రులు అడుగవలెను. సర్వరును నడపు బిడ్డ యున్న యింటివారు మరికొంత శ్రద్ధతో అడుగవలెను. ఓటు వేయు వయస్సునకు నాలుగైదేండ్లు ముందుగనే ఆ బిడ్డ చేతికి చిన్నరాజ్య మొకటి వచ్చినది. అందులో ప్రజలు గలరు, నేల గలదు, ఎవ్వరి నడుగకయే శాసనమును మార్పగల బల్ల గలదు. ఆ బల్లయొద్ద కూర్చుండి, మీట నొక్కకముందు ఒక్కసారి తనకంటె తక్కువ గలవానిని తలచుకొను అలవాటు ఆ వయస్సున కలిగినచో, పెరిగి పెద్దదైన పిదప ఏ బల్లయొద్ద కూర్చుండినను ఆ యలవాటు వెంట వచ్చును.